గాలి కొట్టే పొర

నాలుగో టైరు నిండేసరికి కూడా పెట్టె వేడి మనిషి ఒంటి వేడిని మించలేదు.

డ్రైవర్ ముత్యాలు బానెట్ ఎత్తి, ఆ తెల్లటి పెట్టె మీద అరచెయ్యి ఆన్చాడు. నమ్మలేనట్టు రెండో చెయ్యి కూడా ఆన్చాడు.

"ఇదేటి సార్, గోరెచ్చగుంది! మనిసి ఒళ్ళునాగుంది," అన్నాడు.

భీమిలి దాటాక వచ్చే ఇసుక తిన్నెల మీద ఆ జీపును పొద్దుటినుంచీ పరిగెత్తిస్తున్నారు. ఇసుకలో నడపాలంటే ముందు టైర్లలో గాలి సగానికి దించాలి. టైరు వెడల్పుగా పరుచుకుంటేనే బండి కూరుకుపోకుండా నడుస్తుంది. మళ్ళీ తారు రోడ్డు ఎక్కేముందు గాలి నింపుకోవాలి, లేకపోతే టైరు చిరిగిపోతుంది. ఆ నింపుకోవడం దగ్గరే ఇన్నాళ్ళూ అందరూ ఓడిపోయారు. బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్ రెండు టైర్లకే కమురు వాసన కొట్టేది. ఇంజన్ బెల్టుకు బిగించిన పెద్దది దుమ్ము మింగి పట్టేసేది. గ్యాసు బండ మోసుకుపోతే అది అడవి మధ్యలో ఖాళీ అయ్యేది. ఈ పెట్టె మాత్రం పొద్దుటినుంచీ ఆ జీపు టైర్లను పదేపదే నింపుతూనే ఉంది. పంచదార నీళ్ళు తప్ప ఏమీ అడగలేదు.

దాన్ని తయారుచేసిన డాక్టర్ పైడిరాజు వంగి, పెట్టెకున్న చిన్న అద్దంలోంచి లోపలికి చూశాడు. అరచెయ్యంత వెడల్పున్న ఎర్రటి పొర బిగుసుకుంటోంది, వదులవుతోంది. బిగుసుకున్నప్పుడల్లా ఒక కడ్డీని లాగుతోంది. ఆ కడ్డీ పిస్టన్‌ను నెడుతోంది. అందులో మోటారు లేదు. పని చేసేదంతా కండరమే.

"అద్భుతం పైడిరాజు గారూ," అన్నాడు అనిరుధ్. కొండలకూ ఎడారులకూ బండ్లు తయారుచేసే కంపెనీ అతనిది. తెల్ల బూట్లలోకి ఇసుక పోతున్నా పట్టించుకోకుండా నిలబడ్డాడు. "లోహం పనిచేసేకొద్దీ అరిగిపోతుంది. ఇది పనిచేసేకొద్దీ బలుస్తోంది. ఇంకేం కావాలి?"

ముత్యాలు బానెట్ దించుతూ అడిగాడు. "ఇది దేని కండ సార్? మేకదా?"

పైడిరాజు చేతులు తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"మా అమ్మాయిది," అన్నాడు.

*

ఊర్మిళకు పధ్నాలుగేళ్ళు. ఎనిమిదో ఏట బడిలో పరుగు పందెం మధ్యలో కూలబడిపోయింది. పక్కటెముకల కింద గొడుగులా పరుచుకుని ఊపిరిని లాగే కండరం ఏటికేడూ పలచబడిపోతోందని డాక్టర్లు చెప్పారు. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. జబ్బు ముందుగా ఊపిరిని పట్టుకుంది. మొదట పడుకున్నప్పుడు మాత్రమే ముక్కుకు మాస్కు తగిలించేవాళ్ళు. ఇప్పుడు అన్నం తిన్నాక కూడా కావాలి. మాట్లాడితే రెండు మాటలకొకసారి ఆగుతుంది. తల్లి మంగవేణి హైస్కూల్లో లెక్కలు చెప్పేది. పిల్ల కోసం ఉద్యోగం మానేసింది.

పైడిరాజు యూనివర్సిటీ లాబ్‌లో కండరాలు పెంచే పని చేసేవాడు. కూతురి తొడ నుంచి బియ్యపు గింజంత కండ తీసి, అందులో పుట్టుకతో వచ్చిన తప్పును సరిచేసి, దాన్ని పొరలుగా పెంచాడు. ప్రతి పొరా చక్కగా ఎదిగేది, కొన్నాళ్ళకు వాడిపోయేది. పని లేని కండ బతకదు. ఆ సంగతి తట్టాక ఒక పొరను సైకిల్ పంపుకు కట్టాడు. అది బతికింది. పంపు కొడుతూనే బలిసింది.

ఏదో ప్లాస్టిక్ గొట్టాల పని మీద లాబ్‌కు వచ్చిన అనిరుధ్ ఆ బల్ల ముందు ఆగిపోయాడు. మాంసం ముక్క ఒకటి సైకిల్ టైరులో గాలి నింపుతుంటే కదలకుండా చూశాడు. కొద్ది రోజులకే పైడిరాజు లాబ్ మొత్తం కంపెనీ షెడ్డులోకి మారిపోయింది. అక్కడ ప్రాణం పోసుకున్న ఏ పొర అయినా కంపెనీదేనని ఒప్పందం. పాపకు అమర్చే పొర కూడా అక్కడే సిద్ధమవుతుందని మాట.

"ముందు బండి, తరవాత పాప," అన్నాడు అనిరుధ్ నవ్వుతూ. "రెండూ ఊపిరి పనే కదా."

ఆ తరవాత షెడ్డులో పెంచిన పొరల్లో మిగతావేవీ నిలవలేదు. జీపు పెట్టెలోని ఈ ఒక్కటే ఏడాది దాటి బతికింది. ఇది ఎందుకు బతికిందో, మిగతావి ఎందుకు చచ్చాయో పైడిరాజుకు అంతుపట్టలేదు.

*

దాన్ని చూస్తానని ఊర్మిళ పట్టుబట్టింది. మంగవేణి వద్దంది. అయినా పైడిరాజు ఒక మధ్యాహ్నం కూతుర్ని షెడ్డుకు తీసుకెళ్ళాడు.

ముత్యాలు స్టూలు తెచ్చి వేశాడు. బానెట్ కింద పెట్టె టైర్లకు గాలి కొడుతోంది. ఊర్మిళ అద్దానికి మొహం ఆన్చి చాలాసేపు చూసింది. ఆమె ఊపిరికి అద్దం మీద పట్టే ఆవిరి చిన్న చుక్కలా ఏర్పడి, వెంటనే పోతోంది.

"నాన్నా... నాకంటే... బాగా... ఊపిరి తీస్తంది," అంది.

"నీదే కదమ్మా."

"దానికి... నొప్పి ఉంటదా?"

"నరాలు లేవు. నొప్పి తెలీదు."

"అలుపు?"

"రాదు."

ఊర్మిళ ఇంకాసేపు చూసింది. టైరు నిండగానే వాల్వు దానంతటదే మూసుకుంది. పొర మాత్రం ఊరికే బిగుసుకుంటూ, వదులవుతూనే ఉంది.

"నాకెప్పుడు... ఇస్తావు?"

"ఒక్క డెమో అయిపోనీ," అన్నాడు పైడిరాజు.

*

బండ్లు కొనేవాళ్ళు ముగ్గురు డెమోకు వచ్చారు. అనంతగిరి ఘాట్ మీద వర్షం ఆగకుండా పడుతోంది. జీపు మోకాలి లోతు బురదలో దిగింది. గాలి దించుకుని ఎక్కింది, రాళ్ళ మీద గాలి నింపుకుని దిగింది. వాళ్ళు తమతో తెచ్చుకున్న బండి కంప్రెసర్ రెండో వాగు దాటకుండానే చచ్చిపోయింది. ఆ బండి టైర్లకు కూడా ఈ పెట్టే గాలి కొట్టింది. ముగ్గురూ గొడుగుల కింద నిలబడి చప్పట్లు కొట్టారు.

వాళ్ళలో పెద్దాయన అడిగాడు. "బాగుంది. కానీ ఎప్పుడు ఆగిపోతుంది?"

"ఇంతవరకూ ఆగలేదండీ," అన్నాడు అనిరుధ్.

"ఆగేదాకా నడిపించండి. చిరిగేదాకా. అది చూశాకే కొంటాం."

"తప్పకుండా."

పైడిరాజు తడిసిన బట్టలతోనే అనిరుధ్‌ను పక్కకు లాగాడు. "డెమో అయ్యాక పొర ఇచ్చేస్తానన్నారు. ఆపరేషన్‌కు అంతా సిద్ధంగా ఉంది. పొద్దున పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయని మా ఆవిడ ఫోన్ చేసింది."

అనిరుధ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ మొహంలో కోపం లేదు. "నేను మాట తప్పే మనిషిని కాను. ముందుగా ఒక వైపు అతికినా చాలునని మీ సర్జన్ గారే అన్నారని మీరు చెప్పారు కదా?"

"గతిలేని పక్షంలో అన్నాడు. మొత్తం పొర కావాలనే అడిగాడు. సగానికి కోస్తే రెండు ముక్కలూ చావచ్చు."

"రెండూ బతకనూ వచ్చు," అన్నాడు అనిరుధ్. "సగం మీకు, సగం బండికి. మధ్యకి కోయండి."

అతను గొడుగుల దగ్గరికి వెళ్ళిపోయాక పైడిరాజు జీపు ఎక్కి ముత్యాలు పక్కన కూర్చున్నాడు.

"ముత్యాలూ, బండి తియ్యి. తిన్నగా ఆస్పత్రికి పోదాం. పొరతో సహా."

ముత్యాలు స్టీరింగ్ మీద చేతులు పెట్టాడు. తాళం తిప్పలేదు.

"నాకూ పిల్లలున్నారు సార్," అన్నాడు. "దొంగతనం కేసెడితే ఆల్లనెవలు సూత్తారు?"

మర్నాడు షెడ్డులో పైడిరాజే కోశాడు. ఇంకెవరి చేతికీ కత్తి ఇవ్వలేదు. కత్తి తగలగానే పొర మొత్తం ఒక్కసారి ముడుచుకుని వణికింది. నరాలు లేవని కూతురికి చెప్పింది తనే. అయినా అతని చెయ్యి ఆగింది. అనిరుధ్ గ్లాసు తలుపు బయట నిలబడి చూస్తున్నాడు. పైడిరాజు రెండోసారి కత్తి పెట్టి, కన్నార్పకుండా చివరిదాకా లాగాడు.

*

ఆపరేషన్ అయ్యాక మాస్కు తీయగానే ఊర్మిళ అన్న మొదటి మాట, "అమ్మా, నాకు బాగా ఆకలేస్తంది, ఇడ్లీ కాదు, పులుసన్నం కావాల, ఇప్పుడే కావాల."

మధ్యలో ఎక్కడా ఆగకుండా అంది. మంగవేణి గది బయటికి పరిగెత్తి, వరండా గోడకు తల ఆన్చి ఏడ్చింది.

చర్మం కింద పెట్టిన రూపాయి బిళ్ళంత యంత్రం కుడివైపు పొరకు క్రమం తప్పకుండా సంకేతమిస్తోంది. పొర లాగుతోంది, ఊపిరితిత్తి నిండుతోంది. ఇంటికి వచ్చాక ఊర్మిళ మాటలు ఆపలేదు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పైకి చదివేది. కిటికీలోంచి పక్కింటివాళ్ళను పిలిచి మరీ కబుర్లు చెప్పేది. స్నానాల గదిలో గొంతెత్తి పాడేది. పైడిరాజు ఆ పాట వింటూ బనీను మడత పెట్టడం మరచిపోయి అలాగే నిలబడేవాడు.

నెల తిరక్కుండానే మాటల మధ్య మళ్ళీ చిన్న ఆగుళ్ళు మొదలయ్యాయి. మంగవేణి ముందు గమనించింది గానీ బయటపడలేదు. తరవాత పైడిరాజు గమనించాడు. స్కానింగ్‌లో చూస్తే పొర పలచబడి ఉంది.

కారణం ఎవరూ చెప్పక్కర్లేకుండానే అతనికి తెలిసింది. ఆ పొర పెరిగిందంతా టైర్ల బరువు లాగుతూ. ఆ బరువు ముందు పధ్నాలుగేళ్ళ పిల్ల ఛాతీ ఏపాటిది? దానికి ఇక్కడ పని లేదు. పని లేకపోతే అది వాడిపోతుంది.

షెడ్డు నుంచి పాత పిస్టన్ ఒకటి తెచ్చాడు. దానికి గొట్టం, ఆ గొట్టానికి బిగుతైన మాస్కు తగిలించాడు. ఊర్మిళ ఊపిరి లాగినప్పుడల్లా ఆ పిస్టన్ కదలాలి. పిస్టన్ కదిలితే రెండో గొట్టంలోంచి గాలి టైరులోకి పోవాలి. మంచం పక్కన జీపు టైరు ఒకటి పడుకోబెట్టాడు. అది నిండితే ఆ పూటకు పొరకు చాలినంత పని అయినట్టు. నిండాక గాలి తీసేసి, మళ్ళీ మొదలు.

మొదటిరోజు ఊర్మిళకు కళ్ళు తిరిగాయి. ఒక్కో ఊపిరికీ మెడ నరాలు ఉబికాయి. చెమటకు జాకెట్టు ఒంటికి అతుక్కుపోయింది. సాయంత్రానికి కుడివైపు పక్కటెముకల మీద నల్లటి కమిలిన మచ్చలు తేలాయి.

మంగవేణి మాస్కు లాగి పారేసింది. "పిల్లని పంపు చేసీసినావు! ఒళ్ళు సూడు దానికి! నువ్వు మనిసివేనా?"

"ఆపితే కండ చచ్చిపోతుంది వేణీ."

"ఇదీ బతుకేనా?"

ఊర్మిళే మంచం మీంచి వంగి మాస్కు తీసుకుంది. తనే పెట్టుకుంది.

కొన్నాళ్ళకు స్కానింగ్‌లో పొర మందం పెరిగింది. మాట తిన్నబడింది. ఊర్మిళకు మోకాలు ముడుచుకుని కూర్చుని లాగడం అలవాటైంది. మధ్యలో మాస్కు తీసి మాటలాడేది.

"నాన్నా, ఇవాళ రెండు నింపీసాను. ఆటో స్టాండు కాడ కూర్చోబెట్టు, బోల్డంత గిరాకీ వస్తాది."

పైడిరాజు నవ్వబోయాడు. మంగవేణి విని, గిన్నె సింకులోకి విసిరికొట్టింది.

*

అక్కడ కంపెనీ షెడ్డులో రెండో సగం చిరిగిపోయింది. కొనేవాళ్ళ ముందే, కావాలని చిరిగేదాకా నడిపారు. వాళ్ళు సంతృప్తిపడి బండ్లకు ఆర్డరు ఇచ్చారు. తీరా చూస్తే పెంచడానికి బతికున్న పొర ఒక్కటీ లేదు. చచ్చిన కండ నుంచి కొత్త పొర రాదు.

అనిరుధ్ యాపిల్స్ బుట్టతో ఇంటికి వచ్చాడు. ఊర్మిళ టైరు నింపుతోంది. అతను బుట్ట కింద పెట్టి, మంచం పక్కన కుర్చీలో కూర్చుని, టైరు బిగుసుకోవడం చూశాడు. వేలితో నొక్కి చూశాడు. అతని కళ్ళలో నిజమైన సంతోషం కనిపించింది.

"పెట్టెలో కంటే బాగుంది!" అన్నాడు. "రక్తం తగిలేసరికి దీని బలమే వేరు పైడిరాజు గారూ."

పెరట్లోకి పిలిచి అసలు మాట అడిగాడు. గోరంత ముక్క చాలునట. దాంతో వందల పొరలు పెంచవచ్చునట. ఒప్పందం ప్రకారం ఆ పొర కంపెనీదే గానీ, తను ఆ మాట ఎత్తబోనన్నాడు.

"గోరంత కోసినా ఆ చోట మచ్చ కడుతుంది. పిల్ల ఊపిరి తగ్గుతుంది," అన్నాడు పైడిరాజు. "ఇవ్వను."

వెనకనుంచి మంగవేణి వచ్చింది. యాపిల్స్ బుట్ట అతని చేతుల్లో పెట్టి, వీధి తలుపు తీసి పట్టుకుంది.

అనిరుధ్ బూట్లు తొడుక్కుంటూ గొంతు తగ్గించాడు. "నేను బలవంతం చేసేవాణ్ణి కాదు. మీరు పెంచిన దాన్ని మీరు చావనివ్వలేరు. ఎప్పటికైనా మీరే ఫోన్ చేస్తారు."

*

మళ్ళీ వానలు పట్టాక ఊర్మిళకు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో చీము చేరింది. పొర ఆగకుండా లాగుతూనే ఉంది గానీ, ఏళ్ళ తరబడి గాలి చాలక గుండె ఎప్పుడో అలిసిపోయిందని ఆస్పత్రిలో చెప్పారు. మందులన్నీ అయ్యాయి. ఇంక ఇంటికెళ్ళిపోదామని ఊర్మిళే అడిగింది. డాక్టర్లు వద్దనలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఎండ పొడ వచ్చింది. మంగవేణి తడిగుడ్డతో కూతురి మెడా చేతులూ తుడుస్తోంది. పైడిరాజు మందుల సంచీతో గదిలోకి వచ్చాడు.

"జ్వరం తగ్గీసింది," అంది మంగవేణి. మొహం తేటపడి ఉంది. "చూడు, ఒళ్ళు చల్లబడింది. పొద్దున్నుంచీ కాలిపోయింది కదా. ఇప్పుడే పట్టింది నిద్ర. ఊపిరి కూడా ఎంత బాగా తీస్తందో చూడు."

పైడిరాజు చూశాడు. దుప్పటి కింద కుడివైపు ఛాతీ లేస్తోంది, దిగుతోంది. ఎక్కడా తడబాటు లేదు. కూతురి మణికట్టు పట్టుకున్నాడు. వేళ్ళు జరిపి మళ్ళీ పట్టుకున్నాడు. మెడ దగ్గర పెట్టి చూశాడు. కనురెప్ప ఎత్తి చూసి, మెల్లగా వదిలేశాడు.

నాడి లేదు. గుండె ఎప్పుడు ఆగిందో తెలియదు. రక్తం లేకుండా పంచదార నీళ్ళతో బతకడం నేర్చిన పొర అది. చర్మం కింద యంత్రం సంకేతం ఇస్తూనే ఉంది, పొర లాగుతూనే ఉంది. దానిలో ఉన్న బలం ఇంకో గంటో, రెండు గంటలో. ఆ తరవాత అదీ ఆగిపోతుంది.

"లేపకు," అంది మంగవేణి. "పడుకోనీ."

యంత్రాన్ని బయటినుంచి ఆపే మీట అతని జేబులోనే ఉంది. జేబులో చెయ్యి పెట్టి దాన్ని పట్టుకున్నాడు. ఒక్కసారి నొక్కితే ఛాతీ ఆగిపోతుంది. అప్పుడు భార్యకు తెలుస్తుంది. భూమ్మీద ఊర్మిళది అన్నది ఇంకేమీ కదలదు. అతని బొటనవేలు మీట మీద ఉంది. దుప్పటి లేచింది, దిగింది. మళ్ళీ లేచింది. అతను చేయి బయటికి తీసేశాడు.

వరండాలోకి వెళ్ళి అనిరుధ్‌కు ఫోన్ చేశాడు.

"చెప్పండి పైడిరాజు గారూ," అన్నాడు అనిరుధ్.

"పెట్టె పంపండి. వెంటనే పంపండి. గోరంత కాదు. మొత్తం తీసుకోండి."

అనిరుధ్ చాలా మెత్తగా, "బయల్దేరుతున్నారు," అన్నాడు.

పైడిరాజు లోపలికి వచ్చి మంగవేణి పక్కన కూర్చున్నాడు. ఆమె కూతురి జుట్టు చిక్కు తీస్తూ, లేచాక ఏం పెట్టాలో చెబుతోంది. చారన్నం మెత్తగా కలిపితే తింటుందేమోనంది. అతను తలూపాడు. ఎన్నోసార్లు చెప్పడానికి నోరు తెరిచాడు. ప్రతిసారీ దుప్పటి లేచింది.

బండి వచ్చి ఆగింది. తెల్లకోట్లు వేసుకున్న ఇద్దరు దిగారు. ఒకడి చేతిలో పెద్ద తెల్ల పెట్టె ఉంది.

"డాక్టర్లా?" అంది మంగవేణి లేస్తూ.

"ఆ," అన్నాడు పైడిరాజు.

ఆమె చెంబూ తడిగుడ్డా తీసి పక్కన పెట్టి, వాళ్ళకు దారి ఇచ్చింది. పెట్టె పట్టుకున్న కుర్రాడు కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. ఇంట్లో ఎవరికి ఏం తెలుసో అతనికి తెలియదు. అతను దుప్పటి కింద లేచి పడుతున్న కదలికను చూసి, గట్టిగా ఊపిరి వదిలి, తేలికపడ్డాడు.

"బతుకుతాదా బాబూ?" అని అడిగింది మంగవేణి.

"బతుకుతుందమ్మా," అన్నాడు కుర్రాడు. "సమయానికే వచ్చాం. ఈసారి పోనివ్వం."

పైడిరాజు ఆమెను భుజం పట్టుకుని గది దాటించి, తలుపు దగ్గరగా వేశాడు. మంగవేణి వరండా గచ్చు మీద గోడకు చేరగిలబడి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఎన్నో నెలల తరవాత ఆమె అలా కూర్చోవడం అదే మొదటిసారి. "నువ్వు కూడా కూకో కాసేపు," అంది భర్తతో. "ఆళ్ళు చూసుకుంటారు కదా."